వినుకొండ చెప్పెడి మాట

సీతాపహరణ వార్తను జటాయువు నోట శ్రీరాముడు విన్న చోటగుటచే ఈ గిరికి వినుకొండ యను పేరు వచ్చినదని స్థలపురాణము. నవవిధ భక్తులలో మొదటిది శ్రవణమే గదా!

పూర్వము పల్నాటి వేసవిలో ఊరంతయు అరుగులపైనను, ఆరుబయట మంచములపైనను సాయంకాలములు గడపెడిది. భాగవత కథయు, పొరుగింటి కష్టమును అచ్చటనే చెవిని పడెడివి. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ ముద్రణాలయమునందలి గాలితేమను అదుపుచేయుటకై రూపొందించిన యంత్రము నేడు అనేక గృహములకు వచ్చి తలుపులు మూయించినది. అది వేడిని నశింపజేయదు. గదిలోని వేడిని వీధిలోనికి, అనగా పొరుగువాని వాకిటికి నెట్టును.

రోగులకు, వృద్ధులకు ఆ చల్లదనము అవసరమే, దానిని నిందింపరాదు. కాని మూసిన తలుపుల లోపలివారికి జటాయువు మూలుగు వినిపించునా? సంధ్యాదీపము వెలిగించిన పిదప గడియసేపైనను తలుపు తెరచి, అరుగుపై కూర్చుండి, హరినామముతోపాటు పొరుగువారి క్షేమమును వినుట గృహస్థునకు శ్రవణభక్తియే యగును.