విదేశములో పాఠము చెప్పితినని వ్రాయుట



మన పల్లె సంఘములనుండి సహితము ఈ దినములలో యౌవనస్థులు ఉన్నత విద్యకొరకు అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, ఆస్ట్రేలియా దేశములకు వెళ్లుచున్నారు. వారిలో కొందరు చదువుకొనుచునే అచ్చటి విశ్వవిద్యాలయములలో కొంత బోధన పనియు చేయుదురు. తిరిగి వచ్చి ఇక్కడి కళాశాలలో ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనునప్పుడు ఆ పనిని బయోడేటాలో ఏ పేరుతో వ్రాయవలెనను ప్రశ్న వచ్చును. ఇది గుమాస్తాలు తేల్చవలసిన చిన్న సంగతివలె కనబడును గాని, దీనిలో సత్యమునుగూర్చిన పెద్ద చిక్కు ఒకటి దాగియున్నది.

మొదట ఆ పని ఎట్టిదో తెలిసికొందము. అమెరికాలో పై చదువు చదువుచున్న విద్యార్థిని టీచింగ్ అసిస్టెంటుగా నియమించుట కలదు. ప్రొఫెసరుగారు పెద్ద తరగతికి పాఠము చెప్పగా, ఇతడు విద్యార్థులను చిన్న గుంపులుగా కూర్చుండబెట్టి ఆ పాఠమును మరల విప్పి చెప్పును, లెక్కలు చేయించును, ప్రయోగశాలలో దగ్గర నిలుచును, జవాబు పత్రములు దిద్దును. విద్యార్థి వీసాపై నున్నవాడు తరగతులు జరుగు కాలములో విశ్వవిద్యాలయ ఆవరణలో వారమునకు 20 గంటలకు మించి పని చేయరాదు. పత్రములు దిద్దుట మాత్రమే చేయువానిని గ్రేడరు అందురు. అయితే కొన్ని చోట్ల, టీచింగ్ అసిస్టెంటను పేరుతో నున్నవాడే ఒక పాఠ్యాంశము మొత్తమును తానే సిద్ధపరచి, తానే బోధించి, తానే మార్కులు వేయును. పేరు ఒకటే, పని వేరు.

పదవుల పేర్లు దేశదేశమునకు మారును. అమెరికాలో తరగతి ముందు నిలిచి పాఠము చెప్పువారిని పిల్లలు ప్రొఫెసరని పిలుచుట సామాన్యము. ఇంగ్లండులో ఆ మాట పైమెట్టున నున్నవారికే చెల్లును. అక్కడ లెక్చరరనగా పూర్తి అధ్యాపకుడే. మన దేశములో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ వారి 2010 నియమములతో డిగ్రీ కళాశాలలలోను విశ్వవిద్యాలయములలోను లెక్చరరు, రీడరు అను పేర్లు పోయి, అసిస్టెంట్ ప్రొఫెసరు, అసోసియేట్ ప్రొఫెసరు అను పేర్లు నిలిచెను. జూనియర్ కాలేజీలో పాఠము చెప్పువారిని మాత్రము మనము నేటికిని లెక్చరరుగారనియే పిలుతుము. కాబట్టి ఒకే మాటకు వ్రాసినవాడు ఒక అర్థము తలంచును, చదివినవాడు వేరొకటి తలంచును.

చిక్కు ఇక్కడనే యున్నది. ఒక యౌవనుడు తాను అమెరికా విశ్వవిద్యాలయములో రెండు సంవత్సరములు బోధించితినని వ్రాసెననుకొందము. అతడు నిజముగా చేసినది వారమునకు రెండుసార్లు ఇరువదిమందికి లెక్కలు చేయించుట. అతడు వ్రాసినదానిలో అబద్ధపు మాట యొక్కటియు లేదు. అయినను ఎంపికకు కూర్చున్నవారు అతడు అధ్యాపక పదవిలో నుండెనని తలంతురు. వారట్లు తలంచవలెననియే అతడు అసిస్టెంటు అను మాటను విడిచిపెట్టెను. దీనిని సత్యమందుమా?

అబ్రాహాము గెరారులో నున్నప్పుడు శారాను తన చెల్లెలని చెప్పెను. ఆదికాండము 20వ అధ్యాయములో అతడు తన పక్షమున చెప్పుకొనిన సమాధానము చూడుడి: ఆమె తన తండ్రికి కుమార్తెయే, తల్లి మాత్రమే వేరు. మాట నిజమే! అయితే ఆ మాటను నమ్మి అబీమెలెకు ఆమెను పిలిపించుకొనెను. ఆ రాజు ఇంటివారందరిమీదికి కీడు వచ్చెను. ఆమె భార్య యను సంగతియే దాచబడెను, రాజు ఎరుగవలసినదియు అదియే. దీనినిబట్టి నాకు తోచునదేమనగా, మాటను తూచునప్పుడు పలికినవాని నోట ఏమున్నదో చూచుట చాలదు. విన్నవాడు దేనిని నమ్మి నిర్ణయము చేయబోవుచున్నాడో ఆ సంగతి అతనికి సరిగా చేరినదా అనికూడ చూడవలెను.

అందరు ఇట్లే వ్రాయుచుండగా నేనొక్కడనే తగ్గించి వ్రాసి వెనుకబడవలెనా అని ఆ యౌవనుడు అడుగును. ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. పొలము తాకట్టు పెట్టి పంపిన తండ్రి అప్పు దాని వెనుక నున్నది. అయితే అదే ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టిన మరియొకడు, ఏదో చిన్న పట్టణపు కాలేజీలో అయిదేండ్లు గొంతు ఎండునట్లు పాఠములు చెప్పినవాడు, అతనికిని తండ్రి యున్నాడు, అప్పు ఉన్నది. కమిషన్ వారి 2018 నియమములు విదేశములో చేసిన క్రమమైన సేవను లెక్కలోనికి తీసికొనుటకు ఒప్పుకొనెను గాని, సమానమైన పదవి, తగిన అర్హత, సరియైన ఎంపిక అను షరతులు పెట్టెను. అనగా బయోడేటాలోని ఆ ఒక్క మాట సంవత్సరముల లెక్కగా మారును. అక్కడ పెంచి వ్రాసినది ఇక్కడ మరియొకని యెదుట తూకపురాయి యగును.

ఇక దీనికి ఎదురైన తప్పును కలదు. కొందరు మంచి పిల్లలు అతిశయమగునేమో అని భయపడి, చేసిన పనినే వ్రాయరు. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయములో పౌలును కొరడాలతో కొట్టుటకు కట్టినప్పుడు, తాను రోమీయుడనని అతడు శతాధిపతికి వెంటనే తెలియజేసెను. అది గొప్పలు చెప్పుకొనుట కాదు, వారికి తెలియవలసిన సంగతి. కాబట్టి పాఠ్యాంశము మొత్తమును తానే నడిపినవాడు ఆ మాట తప్పక వ్రాయవలెను. మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేగారితో కలిసి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అక్కడ వారికి స్థిరమైన ఆచార్యపదవి దొరకనే లేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్లిరి. పదవి పేరునుబట్టి పనిని కొలిచినయెడల అంతటివారును చిన్నగా కనబడుదురు.

వ్రాయు విధమేమనగా, నియామక పత్రములో నున్న పేరునే ఉంచి, దానిప్రక్కన చేసిన పనిని చెప్పవలెను: టీచింగ్ అసిస్టెంటు, రెండు సెమిస్టర్లు, మొదటి సంవత్సరపు భౌతికశాస్త్రము, వారమునకు రెండు ప్రయోగ తరగతులు, పత్రములు దిద్దుట. దీనికి ఒక్క వరుస ఎక్కువ పట్టును, అంతే. చదువువాడు అమెరికా వాడుక ఎరుగకపోయినను మోసపోడు.

ఇక ఇంటి సంగతి. కొడుకు అమెరికాలో ప్రొఫెసరని తండ్రి ప్రార్థన కూటములో చెప్పుచుండగా, పదిమందిలో లేచి దిద్ది ఆయనను సిగ్గుపరచనక్కరలేదు. రాత్రి భోజనమువేళ, నాన్నా, నేను అక్కడి పెద్ద పంతులుగారికి సహాయకుడను, పిల్లలకు లెక్కలు చేయించితిని అని వివరించిన చాలును. మరుసటి ఆదివారము ఆయన ఏమని చెప్పునో అది ఆయన పని.