అప్పుడప్పుడు కనబడు దోషము

మన సంఘపు సంచికకు ధర్మసంబంధమైన వ్యాసమొకటి వ్రాసి యీయవలెనని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను పండితుడను గాను, ఎస్.ఎస్.ఎల్.సి. వఱకు చదివి 38 సంవత్సరములు ఒక మిల్లు కార్యాలయములో గుమాస్తాగా నుండినవాడనని మనవి చేసితిని. "అయితే మీ పాత కారు సంగతియే వ్రాయండి" అని వారు నవ్విరి. పరిహాసమునకే అనియుందురు. కాని ఆ కారుతో నేను పడిన యాతనలో ధర్మవిచారమునకు దగిన ప్రశ్న యొకటి నిజముగనే యున్నదని పిమ్మట నాకు దోచినది. ఒకప్పుడు కనబడి, చూడబోయినప్పుడు కానరాకుండు దోషమునకు కారణమును ఎట్లు నిర్ణయింపవలెను? నిర్ణయము కాకమునుపే ఒకరిని దోషిగా ఎంచుటకు మనకు అధికారము గలదా?

మా అన్నగారు మధురలో వ్యాపారము చేసినవారు. వారు 2009లో కాలము చేసిన పిమ్మట వారి అంబాసిడరు కారు నా యింటికి వచ్చినది. 1984వ సంవత్సరపు పెట్రోలు బండి. ఆ జాతి బండ్ల తయారీ 2014లో నిలిచిపోయినది గనుక విడిభాగములకు వెదకుకొనవలసి యుండును. అమ్మివేయుమని ఇంటిలో అందఱును చెప్పుచునే యున్నారు. అన్నగారి చేతులు అరగదీసిన ఆ స్టీరింగు చక్రమును పాత యినుముతో గలిపి తూకమున కిచ్చుటకు నాకు మనసొప్పలేదు.

కోయంబత్తూరునందలి మన కుటుంబములకు మధుర దారి క్రొత్తది గాదు. పదునాఱవ శతాబ్దమున విశ్వనాథనాయకుడు మధుర నేలుటకు వచ్చినది మొదలు ఈ సీమలో మనవారు నిలిచిపోయిరి. నేడును పిల్లనిచ్చినను, తెచ్చుకొన్నను పొల్లాచి, ఉడుమలపేట, పళని, ఒడ్డంచత్రము, దిండిగల్లు మీదుగనే. 2018లో నా కుమారుడు ఆ దారిని బోయివచ్చి, పొల్లాచి దాటిన పిదప చదునైన బాటలో బండి వెక్కిళ్లు పెట్టినట్లు కుదిపి ఆగిపోయెననియు, ప్రక్కకు దీసి తాళము త్రిప్పగనే ఏమియు నెఱుగనట్లు మరల కదలెననియు చెప్పెను. నేను ఊరిలో ప్రతిదినము నడుపుచున్నవాడను. నాకు ఒక్కనాడును ఆగలేదు. "నీకు క్లచ్చు తొక్కడం రాదు" అంటిని. అతడు మాఱుపలుకలేదు. నెల తిరుగకముందే మేనకోడలి పెండ్లికి భార్యతో బోవుచుండగా, పళనికి ఈవల, నాకును ఆగినది. ఆమె "అబ్బాయిని అంటిరే" అని మాత్రము పలికి కిటికీవైపు చూచుచు కూర్చుండెను.

ఆ పొల్లాచి, పళని దారియే మన జి.డి. నాయుడుగారు 1920లో తమ మొదటి మోటారు బస్సును నడిపిన దారి. 1893లో కలంగల్ గ్రామమున జన్మించి, బడిచదువు మీద మనసు నిలువక, ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలును చూచి మోజుపడి, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని గొని, విప్పి, మరల కూర్చి యంత్రవిద్య నేర్చినవారు. దారిప్రక్కన ఆగిన బండిలో కూర్చుండి వారిని తలచుకొంటిని. విప్పి చూచి నేర్చుకొనుట వేఱు, విప్పి పాఱవేసి క్రొత్తది బిగించుట వేఱు. తరువాత ఏడాదిపాటు నా బండికి జరిగినది రెండవది.

మొదటి మేస్త్రి బండిని తన కొట్టుముందు అరగంటసేపు నడిపించి, "బండి బాగానే ఉండాది సారూ, ఆగితే గదా నేను చూసేది" అనెను. అతని మాటలో తప్పులేదు. మీటరు పెట్టి చూచినను అన్ని తీగలును సరిగనే యుండెను. అయినను నన్ను ఊరక పంపలేక కాయిల్ మార్చెను. బ్యాటరీయొక్క 12 వోల్టులను వేలకొలది వోల్టులుగా పెంచి ప్లగ్గుకడ నిప్పురవ్వ పుట్టించుట ఈ కాయిల్ పని. నాలుగు సిలిండర్ల యంత్రము నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు 100 రవ్వలు పుట్టవలెను. వానిలో కొన్ని తప్పినచో బండి వెక్కును. పాతబడిన కాయిల్‌లో వేడికి లోపలి తీగ ఎడమై, చల్లారగనే కూడుకొనుట కలదు గనుక అతని అనుమానము అసంగతము గాదు. మార్చిన పిదప 20 దినములు బండి ఆగలేదు. కాయిల్‌దే దోషమని అందఱమును తీర్మానించుకొంటిమి. ఆ 20 దినములును నేను ఊరు దాటలేదన్న సంగతి ఎవ్వరికిని తోచలేదు. 21వ దినమున ఉడుమలపేట పొలిమేరలో ఆగినది.

తరువాత కండెన్సరు, పాయింట్లు, ప్లగ్గులు, తాళపు స్విచ్చి వరుసగా మారినవి. ప్రతి మార్పునకు పిదపను కొన్నిదినములు శాంతి. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కసారి యగుటచేత కాకియే రాల్చినదనుకొనుటను మన పెద్దలు కాకతాళీయమనిరి. నిలుకడగా నుండు దోషము విషయమున ఈ పొరపాటు అంతగా జరుగదు. భాగము మార్చినను దోషము పోకున్నచో ఆ భాగము నిర్దోషియని అప్పుడే తేలును. అప్పుడప్పుడు వచ్చు దోషము మాత్రము తనంతట తాను తగ్గుచుండును గనుక, చేసిన ప్రతి వైద్యమునకును యశస్సు నిచ్చును, శిక్షింపబడిన ప్రతి భాగముమీదను నేరమును నిలుపును.

ఒకప్పుడు మన సంఘమునందు తర్కశాస్త్రమును గూర్చి ఉపన్యసించిన సంస్కృత పండితులొకరి మాట నాకు జ్ఞప్తికి వచ్చినది. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో కాదాచిత్కత్వమును విచారించెనట. ఒకటి ఒకప్పుడుండి ఒకప్పుడు లేకున్నచో, అది మఱియొకదాని నపేక్షించి యున్నదనుట సిద్ధము. దేనిని నపేక్షింపనిది ఎల్లప్పుడు నుండవలెను, లేదా ఎన్నడును లేకుండవలెను. ఆయన దీనిని ఈశ్వరసిద్ధికి మెట్టుగా వాడుకొనెను. నేను కారునకు వాడుకొంటిని, పెద్దలు క్షమింతురుగాక. దోషము వచ్చి పోవుచుండుట మన దురదృష్టము గాదు, అదియే దాని జాడ. విడిచి విడిచి వచ్చు చలిజ్వరము ఇందుకు సాక్షి. దినము విడిచి దినము వచ్చుదానిని తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చాతుర్థికమనియు ఆయుర్వేదము పేరుపెట్టినది. రక్తములో చేరిన సూక్ష్మజీవులు పెరిగి, 48 గంటలకో 72 గంటలకో రక్తకణములను పగులగొట్టుకొని వెలువడునప్పుడు జ్వరము వచ్చునని పందొమ్మిదవ శతాబ్దమున తెలిసినది. ఆ జీవులు దోమ కడుపులో పెరుగుటను రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. జ్వరము లేని దినమున నాడి జూచి "ఏమియు లేదు" అను వైద్యుడు అబద్ధమాడుట లేదు. చూడదగని దినమున చూచుచున్నాడు.

గుమాస్తాకు తెలిసిన విద్య యొక్కటే, పుస్తకము వ్రాయుట. నోటుబుక్కు గొని గళ్లు గీసితిని: తేది, వేళ, ఇల్లు విడిచి ఎంతసేపైనది, ఎండయా వానయా, దీపములు వెలుగుచున్నవా, దారి ఎక్కుడా దిగుడా చదునా, కాలు ఎంత బలముగా తొక్కుచున్నది. ఆగినప్పుడెల్ల వ్రాసితిని. అయిదు నెలలకు 17 పద్దులైనవి. వానిని దీసికొని ఊరి తూర్పుననున్న ఒక ముసలి ఎలక్ట్రీషియనుకడకు బోయితిని. తెలుగువాడే, ఎనుబది యేండ్లకు చేరువైనవాడు. పుస్తకమును మొదటినుండి చదివి, "ఆగినప్పుడు రాసినావు నాయనా, ఆగనప్పుడు రాసినావా?" అనెను. నేను సిగ్గుపడితిని. అన్వయముతోబాటు వ్యతిరేకము గూడ కావలెననుట, తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదువు బాలురకే తెలిసిన విషయము. పొగయున్నచోట నిప్పుండుట చాలదు. నిప్పులేని మడుగున పొగ లేకుండుటయు చూడవలెను.

మఱి మూడు నెలలు ఆగని ప్రయాణములను గూడ వ్రాసితిని. వాల్పారై కొండదారిలో 40 మలుపులు నిండుబరువుతో ఎక్కినను ఆగలేదు. ఊరిలో వాహనముల ఒత్తిడిలో నిలుచుచు కదలుచు పోవునప్పుడు ఆగలేదు. ఇంటిముందు ఊరక తిరుగుచుండగా ఎన్నడు నాగలేదు. ఎండవానలకు సంబంధమే లేదు. చదునైన మంచిబాటలో, కాలు తేలికగా మోపి, నిశ్చింతగా పోవునప్పుడే ఆగుచున్నది. కష్టమునకు తట్టుకొని సుఖములో పడిపోవుచున్నదన్నమాట.

అది చూడగనే ముసలాయన లేచి బానెట్టు తెఱచెను. డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్లను మోయు చిన్నపలక యొకటి గలదు. బండి తేలికగా పోవునప్పుడు యంత్రము గాలిని పీల్చు బలము ఒక సన్నగొట్టముద్వారా ఆ పలకను కొన్ని డిగ్రీలు త్రిప్పును. ఊరక తిరుగునప్పుడును, ఎక్కుడులో కాలు అదిమి తొక్కినప్పుడును ఆ లాగుడు మా బండిలో ఉండదు. ఆయన యంత్రమును తిరుగనిచ్చి, ఆ గొట్టపు కొసను కార్బురేటరునుండి ఊడదీసి, నోటబెట్టుకొని పీల్చెను. బండి టక్కున ఆగినది. వదలి తాళము త్రిప్పగా నడచినది. మరల పీల్చెను, మరల ఆగినది. ఇన్నాళ్లు ఎందఱు కాచియున్నను కనబడని దోషము ఆయన పిలిచినప్పుడెల్ల వచ్చుచుండెను. పలకతోబాటు కదలుటకై అమర్చిన మెత్తని తీగ, బెత్తెడు గూడ లేనిది, అందులో నున్నది. దాని పైతొడుగు చెక్కుచెదరలేదు. రెండు వ్రేళ్లతో లాగగా మాత్రము రబ్బరువలె సాగినది. లోపలి రాగిపోగులు 35 ఏండ్ల కదలికకు తెగియుండెను. తెగిన కొసలు తాకుచున్నంతసేపు మీటరునకు అంతయు సరిగనే కనబడును. చేసినవారి తప్పు ఇందులో లేదు, వయస్సే కారణము. ఈనాటి కార్లలోనైతే కంప్యూటరే దోషము తోచిన క్షణమును, అప్పటి వేగమును గుఱుతు పెట్టుకొనునని నా కుమారుడు చెప్పుచున్నాడు. ఏ భాగమువైపు చిక్కున్నదో అది చెప్పును. ఏ తీగ ఎందుకు తెగినదో మనిషియే చూడవలెను.

ఇంతవఱకు కారు కథ. ఆ రాత్రి నాకు నిద్రపట్టకపోవుటకు కారణము కారు గాదు.

1991లో మా కార్యాలయమున తపాలాబిళ్లల లెక్కలో అప్పుడప్పుడు కొఱత వచ్చుచుండెను. ఎన్నడును 10 రూపాయలు మించలేదు. ఒకవారము సరిపోవును, మఱియొకవారము తగ్గును. బిళ్లలంటించి ఉత్తరములను తపాలాకచేరికి మోయువాడు 19 ఏండ్ల కుఱ్ఱవాడు. మన తెలుగింటి పిల్లవాడే, తండ్రి లేనివాడు. బిళ్లలు వాని చేతిమీదుగా దప్ప వేఱొకరి చేతిమీదుగా పోవుట లేదని మేనేజరునకు కాగితము వ్రాసిపెట్టినవాడను నేను. దొంగయని వ్రాయలేదు. అంతయు చూచినట్లే వ్రాసితినని నా నమ్మకము. వానిని పనినుండి తొలగించిరి. పెండ్లిండ్లలోను బజారులోను నన్ను "మామా" అని పిలుచు ఆ పిల్లవాడు కార్యాలయములో "సార్" అనియే అనువాడు. ఆ దినమున మాత్రము నా బల్లకడకు వచ్చి "నేను తీయలేదు మామా" అనెను. నేను తలయెత్తలేదు.

రెండు నెలలు కొఱత లేదు. మూడవనెలలో మరల వచ్చినది. అప్పుడు నేను బిళ్లల పుస్తకమును హాజరు పుస్తకమును ప్రక్కప్రక్కన బెట్టి చూచితిని. కొఱత పడిన దినములన్నియు తపాలా గుమాస్తా సెలవులోనున్న దినములు. నడుమనున్న ఆ రెండు నెలలు అతడు సెలవు పెట్టలేదు. అతడు లేనప్పుడు పుస్తకము వ్రాయువాడను నేనే. రిజిష్టరు ఉత్తరమునకు ముట్టినట్లు రసీదు కోరినచో అందులకు వేఱుగా అంటించు బిళ్లను నేను ఖర్చు వ్రాయుట లేదు. అది రిజిష్టరు రుసుములోనే చేరినదని నా భ్రమ. బిళ్లలు ఉత్తరములమీదనే పోయినవి.

ఈ సంగతి మేనేజరునకు చెప్పుటకు నాకు 11 దినములు పట్టినది. "పోయినవాడు పోయినాడు, లెక్క సరిచేయి" అని ఆయన అనెను. సరిచేసితిని. కుఱ్ఱవానిని మరల పిలువవలెనని నేను పట్టుబట్టలేదు.

మార్చి చూచుట మోటారుకొట్టులో తప్పు గాదు. కాని పని తెలిసిన మేస్త్రి క్రొత్తది బిగించి ఊరకుండడు. పాతదానిని మరల బెట్టి దోషము తిరిగి వచ్చునా యని చూచును. వచ్చినప్పుడే నేరము ఋజువైనట్లు. ఇనుమునకు ఈ పరీక్ష తగును. తీసి పెట్టినందువలన కాయిల్‌కు మానహాని లేదు. మనిషిని తీసివేసి, రెండు నెలలు చూచి, మరల బెట్టి చూతమనుట ఎట్లు? తీసినప్పుడే తీర్పు జరిగిపోయినది, ఊరంతయు విన్నది. యంత్రము విషయమున పరీక్షకు ఆరంభమైనది మనిషి విషయమున కడపటి శిక్షయగుచున్నది.

ఈ మాట ననినప్పుడు మిత్రులొకరు, "అట్లయిన సొమ్ము పోవుచుండగా ఋజువు దొరకువఱకు చేతులు కట్టుకొని కూర్చుండవలెనా?" అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. కాని ముసలాయన దోషము దొరకువఱకు ఏ భాగమును మార్చలేదు గదా. దోషము వచ్చు పరిస్థితిని తెచ్చి చూచెను. మేమును అట్లు చేసియుండవచ్చును. ఒక నెలపాటు బిళ్లల పుస్తకమును ప్రతిదినము ఇద్దఱు కలిసి సరిచూడవలెనని, అందఱికిని వర్తించునట్లు ఏర్పాటు చేసియుండినచో, ఎవ్వరి పేరును ఎత్తకయే మొదటి సెలవుదినమున నా తప్పు బయటపడియుండెడిది. దానికి దినమునకు పావుగంట చాలును. ఆ పావుగంట మాకు ఎక్కువగా దోచినది. ఏలయనగా చేతికందు దూరములో ఒకడు నిలిచియుండెను, బీదవాడు, అడుగువారు లేనివాడు. వెదకువాని చేయి గూడ ఆ దారిలో ఒక తీగయేనని నాకు అప్పుడు తట్టలేదు.

కారు బాగుపడిన పిమ్మట నా కుమారునితో క్లచ్చు సంగతి యెత్తి తప్పు నాదేనంటిని, నవ్వి ఊరకుండెను. మొదటి మేస్త్రి మోసగాడని నలుగురిలో అనియుంటిని గనుక ఆయనకడకును బోయి చెప్పివచ్చితిని. ఆయన తీసివేసిన పాత కాయిల్‌ను ముసలాయన పరీక్షించి మంచిదే యనెను. అది గుడ్డచుట్టి డిక్కీలో నున్నది.

గత సంవత్సరము మధురలో ఒక పెండ్లియందు, ఆ కుఱ్ఱవాడు తిరుప్పూరులో బనియన్ల పనిలో కుదురుకొన్నాడని బంధువొకరు చెప్పి చిరునామా వ్రాసియిచ్చెను. వానికిని ఇప్పుడు ఏబది దాటియుండును. తిరుప్పూరు ఇచ్చటికి 50 కిలోమీటర్లు. మంచిబాట, చదునైనది; బండి ఇప్పుడెక్కడను ఆగుట లేదు. ఆ కాగితము నోటుబుక్కు కడపటి పుటలో నున్నది. నేనింకను బయలుదేరలేదు.