స్వధర్మానికి గిరాకీ తగ్గితే

ఫ్రాంక్ పార్సన్స్ ఇంజినీరింగ్ చదివి అమెరికాలో ఓ రైల్వే కంపెనీలో చేరాడు. 1873 ఆర్థిక సంక్షోభంలో ఆ కొలువు పోయింది. తర్వాత ఇనుప మిల్లులో కూలీ అయ్యాడు, బడిపంతులయ్యాడు, వకీలయ్యాడు, న్యాయశాస్త్రం బోధించాడు. బోస్టన్ మేయరు పదవికి పోటీచేసి ఓడిపోయాడు. కాన్సాస్‌లో దొరికిన ప్రొఫెసరు ఉద్యోగాన్ని రాజకీయాలు మింగేశాయి. ఇన్ని పనులు మారిన మనిషే 1908 జనవరిలో బోస్టన్‌లోని వలస జనం పేట నార్త్ ఎండ్‌లో ఓ బ్యూరో తెరిచి, ఎవరికి ఏ పని తగునో చెప్పడానికి కూర్చున్నాడు. నేటి కెరీర్ కౌన్సెలర్లకు ఆయనే మూలపురుషుడు.

పార్సన్స్ పద్ధతి తేలికగానే కనిపిస్తుంది. నిన్ను నువ్వు తెలుసుకో, పనుల సంగతి తెలుసుకో, రెంటికీ పొత్తు కుదురుతుందేమో ఆలోచించు. తన దగ్గరికొచ్చిన కుర్రాళ్లకు చాంతాడంత ప్రశ్నావళి ఇచ్చేవాడు. అద్దంలో చూసుకోమనేవాడు. గొంతు ఎలా ఉందో, చెయ్యి కలిపే తీరు ఎలా ఉందో స్నేహితుల్ని అడగమనేవాడు. ప్రతి మనిషికీ ఒక స్వభావం ఉంటుందని, దానికి తగిన పని లోకంలో ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం.

ఇది మనకు కొత్త కాదు. లోపాలున్నా సరే సొంత ధర్మమే మేలని భగవద్గీత మూడో అధ్యాయంలోనూ, పద్దెనిమిదో అధ్యాయంలోనూ చెబుతుంది. పుట్టుకను బట్టే పని అని ఆ మాటను వాడుకున్న చరిత్ర మనకు బాగానే తెలుసు. దాన్ని పక్కన పెట్టినా ఇంకో చిక్కుంది. కురుక్షేత్రంలో విలువిద్యకు గిరాకీ తగ్గలేదు. అర్జునుడు యుద్ధం వద్దనుకున్నాడే గానీ, యుద్ధం అర్జునుణ్ణి వద్దనలేదు. కంప్యూటరొచ్చి టైపిస్టును వద్దంది. అప్పుడు టైపిస్టు స్వధర్మం ఏమైనట్టు?

ఇక్కడ గీత కన్నా బౌద్ధ తాత్వికుడు ఆచార్య నాగార్జునుడే ఎక్కువ అక్కరకొస్తాడు. వస్తువుకు మార్పులేని స్వభావమే ఉంటే అది మారడం అసాధ్యమని 'మూలమధ్యమకకారిక'లో ఆయన వాదం. మారుతోందంటే అలాంటి స్వభావం లేనట్టే. టైపిస్టుకైనా ఒకే పనికి కట్టుబడిన స్వభావం లేదన్నమాట.

అమెరికన్ మనస్తత్వవేత్త మార్క్ సావికస్ బౌద్ధం వైపు నుంచి రాలేదు గానీ, తేల్చింది మాత్రం దీనికి దగ్గరగానే ఉంది. ఆయన దృష్టిలో వృత్తి మనిషి అల్లుకుంటూ పోయే కథ. అందుకే ఆయన బాటలోని కౌన్సెలర్ 'నీకేం వచ్చు' అని మొదలుపెట్టడు. చిన్నప్పుడు ఎవర్ని చూసి మురిసిపోయావు, ఏ పత్రికలు చదువుతావు, మనసుకు నచ్చిన కథేమిటి అని అడుగుతాడు. ముప్పయ్యేళ్లు లెడ్జర్లు రాసిన గుమాస్తా అపరాధ పరిశోధన నవలల పేర్లు చెప్పాడనుకుందాం. లెక్కలో తప్పు ఎక్కడుందో పసిగట్టడమే ఆయనకు ఇష్టమని అప్పుడు బయటపడవచ్చు. లెడ్జరు పోయినా ఆ ఇష్టం పోదు. ఆడిట్‌లోనో, మోసాల తనిఖీలోనో దానికి చోటు వెతకవచ్చు. హోదాను మనిషి నుంచి విడదీయడమే ఈ కౌన్సెలర్ చేసే అసలు పని.

అయితే ఇందులో ఒక మోసమూ దాగుంది. 'మారడం నేర్చుకో' అన్న సలహా కాస్త అటూ ఇటూ అయితే, మిల్లు మూతపడటం కార్మికుడి తప్పే అన్నట్టు వినిపిస్తుంది. స్వీడన్ ఈ ఉచ్చులో పడలేదు. అక్కడ యజమానుల సంఘం, ఉద్యోగ సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందంతో 1974లో టీఆర్ఆర్ అనే సంస్థ పుట్టింది. ఉద్యోగం పోయిన ఆఫీసు సిబ్బందికి సలహాదారును ఇస్తుంది, కొత్త కొలువు వెతకడంలో తోడుంటుంది. అందుకయ్యే డబ్బు కంపెనీలు తమ జీతాల మొత్తంలోంచి కొంత శాతం తీసి కడతాయి.

మన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ పునర్నైపుణ్య నిధి ఉంది. ఉద్వాసనకు గురైన కార్మికుడి పేర యజమాని 15 రోజుల వేతనం జమచేయాలి. యాభయ్యేళ్ల మనిషి తన కథను మళ్లీ మొదలుపెట్టుకోవడానికి ఆ 15 రోజుల వేతనం ఏ మూలకూ చాలదు.