బానిస విముక్తి: కఠినమైన కనుమ

జనవరి 23వ తేదీని బానిసత్వ నిర్మూలన జాతీయ దినంగా పాటించాలని 2019లో ట్యునీషియా ప్రభుత్వం ప్రకటించింది. 1846లో ఆ తేదీనే అక్కడి పాలకుడు అహ్మద్ బే బానిసత్వాన్ని రద్దు చేశాడు. అమెరికా ఈ పని చేసింది 1865లో. ఒక ముస్లిం పాలకుడు అంతకు ముందే చేశాడని మనం సంతోషించవచ్చు. కాని సంతోషించి ఊరుకుంటే సరిపోతుందా?

అహ్మద్ బే 1841లో బానిసల అమ్మకాన్ని నిషేధించి, ట్యునిస్ నగరంలోని బానిసల సంతను మూయించాడు. 1842లో, ఇకపై దేశంలో పుట్టే ప్రతి శిశువూ స్వతంత్రుడేనని ప్రకటించాడు. తర్వాత ధర్మపండితులకు లేఖ రాశాడు. వీరు ధర్మసమ్మతంగానే బానిసలయ్యారా అన్నది సందేహాస్పదమనీ, యజమానులు వీరి హక్కులు నెరవేర్చటం లేదనీ అందులో పేర్కొన్నాడు. హనఫీ, మాలికీ ముఫ్తీలు ఇద్దరూ సమ్మతించారు.

సోదరులారా! ఆ సంతలో బేరమాడినవారు కూడా కలిమా చదివినవారే! దివ్యఖుర్ఆన్ సూరె బలద్‌లో బానిస మెడను విడిపించటాన్ని కఠినమైన కనుమను ఎక్కటంగా వర్ణించింది. సూరె తౌబాలో జకాత్ సొమ్ములో బానిసల విముక్తికి వాటా కేటాయించింది. ప్రమాణభంగానికి తెలిపిన పరిహారాల్లో బానిస విమోచన ఒకటి. అల్లాహ్ ఇన్ని ద్వారాలు తెరిచినా, సంత మూయటానికి పన్నెండు శతాబ్దాలు పట్టింది. లోపం ధర్మంలో లేదు, మన మనసుల్లో ఉంది.

సంత మూతపడినా మచ్చ పోలేదు. విముక్తుల సంతతిలో కొందరి పేర్లలో 'అతీఖ్' అన్న మాట, అంటే ఫలానావారు విడిపించినవాడు అన్న గుర్తు, తరతరాలుగా నిలిచిపోయింది. 81 ఏళ్ల వృద్ధుడొకరు 2020లో కోర్టుకెళ్లి ఆ మాటను తన పేరులోంచి తీయించుకోవలసి వచ్చింది. హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి ఎగతాళి చేసినప్పుడు, నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం ఉందని దైవప్రవక్త (స) మందలించారు. మీ సేవకులు మీ సోదరులు, మీరు తినేదే వారికి తినిపించండి, మీరు తొడిగేదే వారికి తొడిగించండి అని బోధించారు.

మన పండుగలు రెండే కదా, ఈ దినాలు ఎందుకని కొందరు అడగవచ్చు. ఇది పండుగా కాదు, ఆరాధనా కాదు. మన లెక్క మనం చూసుకోవటానికి ఒక సందర్భం, అంతే.

ఆ లెక్క మన ఇంటి నుంచే మొదలు కావాలి. పనిమనిషికి విడిగా పెట్టిన గ్లాసు, అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వని కూలీ, నెలల తరబడి ఆపిన జీతం, ఇవి ఏ కాలపు లక్షణాలు? అప్పు పేరుతో మనిషిని వెట్టికి కట్టివేయటం మన దేశంలో 1976 చట్టం ప్రకారం నేరం. స్వతంత్రుణ్ణి అమ్ముకుని తిన్నవాడికీ, పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికీ ప్రళయదినాన తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసు తెలుపుతోంది. ఆ రోజు మన తరఫున వాదించేవాడెవడు?

చెమట ఆరకముందే కూలి చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.