పట్టూ విడుపూ



అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కాసేపు నిలబడి చూడండి. పుస్తకాల సంచీ భుజాన వేసుకొని, ఏదో ఒక ఉద్యోగం కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. అలాంటి అబ్బాయి ఒకడు మొన్న ఆదివారం పూజ తర్వాత నన్ను కలిశాడు. పంజాగుట్ట హాస్టల్లో ఉంటూ ప్రభుత్వోద్యోగ పరీక్ష నాలుగుసార్లు రాశాడు. ప్రతిసారీ కొద్దిలో తప్పిపోయింది. "ఫాదర్, ఇంకా చదవమంటారా, మానెయ్యమంటారా?" అని అడిగాడు. కిందటేడు ఇదే ప్రశ్నకు "పట్టు వదలకు బాబూ" అని తేలికగా చెప్పి పంపేశాను. ఆ మాట మీద వాళ్ల నాన్న మరో అప్పు చేశాడని ఇప్పుడు తెలిసింది. ఈసారి నాకు నోరు పెగలలేదు.

ఆ రాత్రి ఒక టెన్నిస్ ఆటగాడు నా ఆలోచనలోకి వచ్చాడు. సానియా మీర్జా మన హైదరాబాదు ఆడపడుచు. 2015లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమస్థానం అందుకున్నదని అందరికీ తెలుసు. 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆమె పక్కన ఆడి స్వర్ణం గెలిచిన యువకుడు ఎందరికి గుర్తున్నాడు? అతని పేరు సాకేత్ మైనేని. 1987లో ఉయ్యూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగినవాడు.

టెన్నిస్‌లో నెల జీతం లేదు. పెద్ద పోటీలకు నేరుగా ప్రవేశం దొరకని ఆటగాడు 'ఛాలెంజర్' అనే చిన్న పోటీల కోసం దేశదేశాలు తిరగాలి. ప్రయాణం, శిక్షణ ఖర్చులు తానే చూసుకోవాలి. 2016 యూఎస్ ఓపెన్‌లో సాకేత్ మూడు అర్హత మ్యాచ్‌లు గెలిచి, ప్రధాన పోటీ ఆడే 128 మందిలో ఒకడయ్యాడు. మొదటి రౌండులో చెక్ ఆటగాడు యిరి వెసెలీతో ఐదు సెట్లు పోరాడి ఓడిపోయాడు. ఆ ఏడాది అందుకున్న 137వ ర్యాంకే సింగిల్స్‌లో అతని శిఖరం. మరి అన్నేళ్ల శ్రమ వృథాయేనా?

పునీత తోమాసు అక్వినాసు గారు పట్టుదలను సద్గుణంగా విచారిస్తూ, దానికి అటూ ఇటూ రెండు దోషాలు చూపించారు. ఒకటి, కష్టం తగలగానే జారిపోయే మెత్తదనం. మన ఆరంభశూరత్వం దాని చుట్టమే. రెండవది, వివేకం వద్దన్నా వేలాడే మొండితనం. దీని వేరు డంబంలో ఉందన్నారు. బయటికి పట్టుదలా మొండితనమూ ఒక్కలాగే ఉంటాయి. ఇద్దరూ తెల్లవారుజామునే లేస్తారు, ఇద్దరూ ఓటమిని దిగమింగుతారు. అయితే ఒకరు పట్టుకున్నది మంచిని, మరొకరు పట్టుకున్నది తన పేరును.

గాయాలు వెంటాడిన సాకేత్ క్రమంగా డబుల్స్ వైపు మళ్లాడు. 2022లో యూకీ భాంబ్రీతో కలిసి పలు ఛాలెంజర్ టైటిళ్లు గెలిచాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, ముప్పై ఆరో ఏట, రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి రజతం తెచ్చాడు. సింగిల్స్ ఆశను సడలించాడు, ఆటను విడువలేదు. పట్టూ విడుపూ అంటే ఇదే కదా!

ఇక్కడ ఒక తేడా మరువకూడదు. బాగా ఆడిన ఆట, ఓడినా, ఆ పూటకు అదే ఒక మేలు. పోటీ పరీక్ష అలాంటిది కాదు. అది దాటవలసిన వంతెన. అవతలి ఒడ్డుకు మరో దారి ఉంటే, ఈ వంతెన వదిలినవాడు ఓడినట్టు కాదు.

అందుకని ఆ అబ్బాయిని రెండు ప్రశ్నలు అడిగాను. "నీకు కావలసింది నలుగురికీ పనికొచ్చే బతుకుతెరువా, ఊళ్లో చెప్పుకొనే హోదానా? నీ పట్టుదల ఖర్చు ఎవరు మోస్తున్నారో వాళ్లను కూర్చోబెట్టి అడిగావా?" చాలాసేపు మౌనంగా ఉండి, "నాన్నను ఎప్పుడూ అడగలేదు ఫాదర్" అన్నాడు. ఆ రాత్రే ఊరికి బయలుదేరాడు.

వాడు ఏం నిర్ణయించుకుంటాడో వాడి ఇష్టం. తల్లిదండ్రులారా, మీ ఇంట్లో బిడ్డ పుస్తకం మూసి మరో పని వెతుక్కుంటానంటే, "ఓడిపోయి వచ్చాడు" అనకండి. ఇంకా చదువుతానంటే, ఎంతకాలమో, ఎవరి కష్టంతోనో కలిసి లెక్క చూసుకోండి. "పట్టు వదలకు" అనడానికి చెప్పేవాడికి పైసా ఖర్చు లేదు. ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.