స్వధర్మం, చేతిపని

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేళ్లు, కుట్టుపని ఏడాది. మరిపెడ వంటి మండల కేంద్రాల్లో మొదటివాటికి అబ్బాయిలు, రెండోదానికి అమ్మాయిలు వెళ్లడం మామూలు. సర్టిఫికెట్ వచ్చాక దారులు ఇంకా విడిపోతాయి. అతను పని వెతుక్కుంటూ వరంగల్, హైదరాబాద్ పోతాడు. ఆమె మిషను వసారాలోనే ఉంటుంది, జాకెట్టుకింతని వస్తుంది, అదీ వంట ముగిశాకే. ఈ తేడాను గీత చెప్పిన స్వధర్మం అనేవారున్నారు. కానీ గీత నాలుగో అధ్యాయం చాతుర్వర్ణ్య విభజనకు గుణాన్నీ కర్మనూ ఆధారం చేసింది. ఆడామగా ప్రస్తావన అక్కడ లేదు. 1869లో ఆంగ్ల తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ చేసిన వాదన ఇంకా సూటిది: అణిచి పెంచినంతకాలం స్త్రీ స్వభావమేదో ఎవరికీ తెలియదు. ఎండలో మిరప కోసే చేతికి వైరింగ్ కష్టమనడం విడ్డూరమే. రాజ్యాంగం 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాల్లో లింగవివక్షను నిషేధించింది. పెళ్లితో ఊరు మారి, కూడగట్టుకున్న గిరాకీ పోతే మాత్రం ఆ అధికరణ వర్తించదు.