"భయం లేదు, ఎక్కు" అనే హక్కు ఎప్పుడు వస్తుంది?



ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మన చేతులతో మనం బాగుచేసిన దాంట్లో ఇంకో మనిషిని కూర్చోబెట్టి "ఏం భయం లేదు, ఎక్కు" అనే హక్కు మనకు ఎప్పుడు వస్తుంది?

మనలో చాలామంది చేతిపని మీద బతికేవాళ్ళమే. ఎలక్ట్రీషియన్ లాగిన వైరు, మేస్త్రీ పోసిన శ్లాబు, మెకానిక్ బిగించిన బ్రేకు, వీటి మీద ఎవరెవరో మనకు తెలియని మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఇలాంటి పనుల్లో లోపం ఉన్నా చాలాసార్లు ఏళ్ళ తరబడి బయటపడదు. అందుకని లోపం దాక్కోవడానికి చోటు తక్కువగా ఉండే ఉదాహరణ ఒకటి తీసుకుని ఆలోచిద్దాం. ఇంటి దగ్గర తయారుచేసుకున్న చిన్న విమానం గురించి, దానికి బిగించే రెండు స్ట్రోకుల ఇంజన్ గురించి.

ఇంటి దగ్గర విమానమా?

అవును. అమెరికాలో ఇది కొత్త సంగతి కాదు. అక్కడి విస్కాన్సిన్ రాష్ట్రంలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన ఇలాంటి పనిమంతుల్ని కూడగట్టి 1953లో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టాడు. పనిలో సగానికి మించి ఔత్సాహికులే చేసి ఉండాలి, అదీ వ్యాపారానికి కాకుండా నేర్చుకోవడానికో సరదాకో చేసి ఉండాలి. అలాంటి విమానానికి అక్కడి ప్రభుత్వం 'ప్రయోగాత్మక' తరగతి కింద ఎగిరే అనుమతి ఇస్తుంది.

వీటిలో పేరున్నది కిట్‌ఫాక్స్. 1984లో ఐడహో రాష్ట్రంలో డాన్ డెన్నీ దీన్ని తయారుచేశాడు. ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద పాలిస్టర్ గుడ్డ, పక్కపక్కనే రెండు సీట్లు, వెనక్కి మడిచే రెక్కలు. విడిభాగాలు పెట్టెల్లో వస్తాయి. కొన్నవాడు తన గ్యారేజీలో బిగించుకుంటాడు. తొలి కిట్‌ఫాక్స్‌లకు ఎక్కువగా ఆస్ట్రియాకు చెందిన రోటాక్స్ కంపెనీ రెండు స్ట్రోకుల ఇంజన్లే పెట్టేవాళ్ళు.

అలాంటి కిట్‌ఫాక్స్ ఒకటి ఎవరి షెడ్డులోనో పదిహేనేళ్ళుగా దుమ్ము కొట్టుకుని పడివుంది. మీరు ఆ దేశంలో ఉన్నారు, దాన్ని మీరే కొన్నారు అనుకోండి.

చెప్పింది వేరు, చూసింది వేరు

అమ్మేవాడు ఏమంటాడు? "ఇంజన్ నలభై గంటలే తిరిగింది. కొత్తదాని కిందే లెక్క" అంటాడు. అబద్ధం కాకపోవచ్చు. ఈ తరహా ఇంజన్లను 300 గంటలకు పూర్తిగా విప్పి బాగుచేయాలని కంపెనీ చెబుతుంది. ఆ లెక్కన నలభై గంటలంటే నిజంగా తక్కువే. కానీ తిరగని ఇంజన్‌లో కూడా కాలం పనిచేస్తూనే ఉంటుంది. లోపలికి చేరిన తేమకు క్రాంక్ షాఫ్ట్ బేరింగులు తుప్పు పడతాయి. సీళ్ళు గట్టిపడతాయి. కార్బ్యురేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు ముక్క పగుళ్ళిస్తుంది.

చట్రం సంగతీ అంతే. గొట్టాలు లోపలి నుంచి తుప్పు పట్టి ఉండొచ్చు, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. గుడ్డ ఎండకు చివికి ఉండొచ్చు. అది మార్చాలంటే పాతది మొత్తం ఒలిచేసి, కొత్త పాలిస్టర్ గుడ్డను చట్రానికి అంటించి, ఇస్త్రీ పెట్టెతో వేడిచేసి బిగువు తేవాలి. ఆ వేడి కూడా కొలత ప్రకారమే ఉండాలి. తక్కువైతే గుడ్డ వదులుగా ఉంటుంది, మరీ ఎక్కువైతే పాడవుతుంది.

కాబట్టి అమ్మినవాడు చెప్పాడని నమ్మవద్దు. పుస్తకంలో రాసుందని నమ్మవద్దు. ఇన్నాళ్ళూ ఎగిరింది గదా అని నమ్మవద్దు. విప్పండి, మీ కళ్ళతో చూడండి.

ఇక్కడ అమెరికా చట్టంలో ఒక మంచి సంగతి ఉంది. విమానాన్ని తయారుచేసిన మనిషికి, ఆ ఒక్క విమానం వరకు, ఏటేటా తనిఖీ చేసి సంతకం పెట్టే అర్హత పత్రం ఇస్తారు. విమానాన్ని అమ్మితే ఆ అర్హత కొన్నవాడికి పోదు. కొన్నవాడు రెంచి పట్టుకుని పని చేసుకోవచ్చు గానీ, ఏటా తనిఖీ సంతకం మాత్రం అందుకు విడిగా అర్హత పత్రం ఉన్నవాడే పెట్టాలి. విమానాన్ని కొనుక్కోవచ్చు, అది చేసిన చేతికున్న తెలివిని కొనుక్కోలేం అని ఆ చట్టం ఒప్పుకున్నట్టే కదా!

ఆగిపోయే ఇంజన్

రెండు స్ట్రోకుల ఇంజన్ మనకు పాత చుట్టమే. టీవీఎస్ 50, పాత చేతక్ స్కూటరు, రాజ్‌దూత్, యమహా ఆర్ఎక్స్ 100 అన్నీ ఆ జాతివే. బంకులో పెట్రోలుతో పాటు 2టి ఆయిల్ పోయించుకున్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఆ ఆయిల్ ఎందుకు? నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కు ఆయిల్ విడిగా నిలవ ఉండి లోపల తిరుగుతూ ఉంటుంది. దీనికి ఆ ఏర్పాటు లేదు. పెట్రోలుతో కలిసి వచ్చే కాస్త ఆయిలే పిస్టన్‌నూ బేరింగులనూ తడపాలి. విమానం ఇంజన్లో సాధారణంగా 50 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిల్, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు.

ఇందులోనే దాని సుఖమూ కష్టమూ ఉన్నాయి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ తరహా వాల్వులు లేవు, భాగాలు తక్కువ, బరువు తక్కువ. రోటాక్స్ 582 రకం 581 సీసీలతోనే సుమారు 65 హార్స్‌పవర్ ఇస్తుంది. కానీ ఆ రబ్బరు ముక్కలో వెంట్రుకవాసి పగులు వచ్చిందనుకోండి. అదనంగా గాలి లోపలికి పోతుంది, పెట్రోలు పాలు తగ్గుతుంది, మంట వేడెక్కుతుంది. అల్యూమినియం పిస్టన్ ఉబ్బి సిలిండర్ గోడను పట్టేస్తుంది. రోడ్డు మీద బండి పట్టేస్తే తిట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తోసుకుపోతాం. వెయ్యి అడుగుల ఎత్తున పట్టేస్తే?

ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. చూసేవాళ్ళకు అది గొప్ప ధైర్యం. కానీ పిస్టన్ పట్టేస్తే రెండు కాదు, నాలుగు ప్లగ్గులున్నా లాభం లేదు. ఏ కారణానికి ఏ జాగ్రత్తో తెలియకపోతే జాగ్రత్త కూడా మూఢనమ్మకమే అవుతుంది. మన దగ్గర కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. రబ్బరు పగులు నిమ్మకాయను చూసి మూసుకోదు గదా! ఇంజన్ ఆగాక "వాడి రాత అంతే" అనేవాళ్ళూ ఉంటారు. రాత అనేశాక ఆ రబ్బరు ముక్కను మార్చాల్సింది ఎవరు అని ఇక ఎవరూ అడగరు. ఎవరూ అడగకపోతే రేపు ఇంకో ఇంజన్‌లో అదే పగులు అలాగే ఉండిపోతుంది.

రోటాక్స్ కంపెనీ తన పుస్తకంలోనే హెచ్చరిస్తుంది. ఈ ఇంజన్ ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, అది ఆగినా క్షేమంగా దిగే వీలు లేని చోట ఎగరవద్దు అని. కోర్టుకు భయపడి రాసిందనే అనుకుందాం. అయినా తన సరుకులోని లోపాన్ని కొన్నవాడికి ముందే చెప్పింది. మనం అంత మాత్రమైనా చెబుతున్నామా?

అబద్ధపు గీత

విమానాల పనిలో ఒక చిన్న అలవాటుంది. నట్టును సరైన బిగువుకు బిగించాక, నట్టు మీద నుంచి పక్కనున్న భాగం దాకా సన్నగా ఒక రంగు గీత గీస్తారు. తర్వాత ఎప్పుడైనా నట్టు కదిలితే గీత తెగి కనబడుతుంది. ఆ గీత ఒక మాట లాంటిది. "ఒక మనిషి ఇక్కడిదాకా వచ్చాడు, కొలత పెట్టి బిగించాడు" అని చెబుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. చీకటి పడింది. చేయి దూరని మూలలో ఒక నట్టు మిగిలింది. రేపు బిగిద్దాంలే అని గీత మాత్రం ఇప్పుడే గీసేశారు. రేపు మరిచిపోయారు.

గీత లేని నట్టు అంత ప్రమాదం కాదు. తనిఖీకి వచ్చినవాడు దాన్ని చూసి రెంచి పెడతాడు. అబద్ధపు గీత ఉన్న నట్టును చూసి దాటిపోతాడు. అంటే మీరు మీ పని మానేయడమే కాదు, ఆ పని చేయగలిగిన ఇంకొకడి చేయి కూడా ఆపేశారు. అబద్ధం చేసే అసలు హాని ఇదే. లాగ్ బుక్‌లో చేయని పనిని చేసినట్టు రాయడం కూడా ఇలాంటి గీతే. వినే మనిషికి నొప్పి తగిలితేనే అబద్ధం తప్పు అనుకుంటాం. ఇక్కడ ఎవరికీ నొప్పి తగలదు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం కూడా లేదు. అయినా గీత గీసిన క్షణం నుంచి ఆ తప్పు అక్కడ ఉంది, నట్టు ఊడినా ఊడకపోయినా.

నమ్మినవాడు ఎక్కితే

పని అయింది. ఇంజన్ బిగించారు. విమానాన్ని మూడు చక్రాల కిందా మూడు కాటాలు పెట్టి తూచారు, బరువు ఎక్కడ నిలుస్తుందో లెక్క కట్టారు. ఇక పరీక్ష. ఇలాంటి కొత్త విమానాన్ని మొదట, సాధారణంగా 25 లేదా 40 గంటలు, కేటాయించిన ప్రాంతంలోనే, ప్రయాణికుల్ని ఎక్కించుకోకుండా నడపాలని అక్కడి నియమం. మధ్యలో వేరే రకం ఇంజన్ పెడితే మళ్ళీ కొన్ని గంటల పరీక్ష తప్పదు. ప్రమాదం ఉంటే ముందు చేసినవాడి ఒంటి మీదికే రావాలన్నమాట. ఇది న్యాయంగానే ఉంది.

ఆ తర్వాత మీ స్నేహితుడు వస్తాడు. విమానంలో అతనికి కనిపించేలా ఒక హెచ్చరిక ఉంటుంది. ఇది ఔత్సాహికులు చేసినది, మామూలు విమానాలకుండే భద్రతా నిబంధనల ప్రకారం తయారైంది కాదు అని. అతను చదువుతాడు. నవ్వి, "నువ్వున్నావు గదా, ఇంకేం భయం?" అంటాడు.

చెప్పాం, ఒప్పుకున్నాడు, ఇక బాధ్యత అతనిదే అనుకోవచ్చా? నేను అలా అనుకోను. అతను ఆ పలకను నమ్మలేదు, ఇంజన్‌నూ నమ్మలేదు. మిమ్మల్ని నమ్మాడు. ఆ రబ్బరు ముక్క ఎక్కడుంటుందో కూడా అతనికి తెలియదు. తెలియని దానికి ఇచ్చిన ఒప్పుకోలు సగం ఒప్పుకోలే. మిగతా సగం మీ మీదే ఉంటుంది. మనుషులు మనల్ని ఎంత ఎక్కువ నమ్మితే మనం అంత తక్కువ చూస్తుంటాం, ఎలాగూ అడిగేవాళ్ళు లేరని. జరగాల్సింది దీనికి తలకిందులు. అడిగేవాడు లేనిచోట మనల్ని మనమే అడగాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "ప్రతిదీ పూర్తిగా తెలుసుకోవడం ఎవరి తరం? అలాగైతే ఎవరూ ఎవరినీ ఎక్కించుకోలేరు, ఏ పనీ జరగదు." నిజమే. పూర్తి భరోసా ఎక్కడా లేదు. నలభై గంటలు బాగా తిరిగిన ఇంజన్ నలభై ఒకటో గంటలో ఆగిపోవచ్చు. కానీ చూసినా దొరకని లోపం వేరు, చూడనందువల్ల మిగిలిపోయిన లోపం వేరు. మొదటిదానికి మన దగ్గర జవాబుంది: కింద ఎప్పుడూ దిగడానికి వీలైన మైదానం ఉండేలా ఎగరడం. రెండోదానికి ఏ జవాబూ లేదు.

అందుకని హక్కు మనకు ఎప్పుడు వస్తుంది అంటే నా జవాబు ఇది. విమానం నాదైనందుకు రాదు, ధైర్యం ఉన్నందుకు రాదు, ఇంతవరకు ఏమీ కానందుకు అసలే రాదు. చూడగలిగినదంతా చూసి, చూడనిదాన్ని దాచకుండా చెప్పి, ఆగిపోతే ఏం చేయాలో ముందే ఏర్పాటు చేసుకున్నప్పుడు వస్తుంది. అప్పుడు కూడా "భయం లేదు" అనలేం. "ఇంతవరకు చూశాను, ఇది చూడలేదు, ఆగితే ఇలా దిగుతాం, వస్తావా?" అనగలం.

చేతిపని గౌరవం

రైట్ సోదరుల పేరు మనందరం బళ్ళో చదివాం. 1903 డిసెంబర్ 17న వాళ్ళ విమానం లేచింది. దానికి ఇంజన్ చేసిన చార్లీ టేలర్ పేరు ఎంతమందికి తెలుసు? వాళ్ళ సైకిల్ షాపులో పనివాడు. ఆరు వారాల్లో, చిన్నపాటి పనిముట్లతో ఆ ఇంజన్ చేసిపెట్టాడు. ఇంజన్ లేనిదే ఆ విమానం లేచేది కాదు.

చేతిపనిని కింద, మాటను పైన పెట్టిన సమాజంలో మనం పుట్టాం. చేసేవాళ్ళకు గౌరవం లేదు, చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకు ఉంది. దీన్ని మార్చాలని మనం కోరుతున్నాం, కోరాలి. అయితే గౌరవం అడిగే చేయి తన గీతకు తాను జవాబు చెప్పగలగాలి. ఈ వారం మీ పనిలో ఎవరైనా "అంతా బాగుందా?" అని అడిగితే వెంటనే "ఆఁ, బాగుంది" అనకండి. ఏం చూశారో చెప్పండి. ఏం చూడలేదో కూడా చెప్పండి. ఇంకా వీలుంటే వెనక్కి వెళ్ళి ఆ మూలలో నట్టుకు రెంచి పెట్టి రండి.